పెద్దల వాడలో బాషాబీ మలారం

బాషాబీ గురించి రాయాలంటే నాకంటే తెలిసినవాళ్లు మార్కాపురంలో ఇంకొకరు లేరు. ఉన్నామని ఈ మధ్య కొందరు అంటున్నారు. అననివ్వండి. ఆమె ఇంటికీ మా ఇంటికీ గోడ ఒకటే. ఆ గోడకు అటువైపు ఆమె దగ్గితే ఇటువైపు నాకు మెలకువ వచ్చేది. నిన్నగాక మొన్న ఆమె పక్కన కూర్చుని టీ తాగినవాళ్లకు ఏం తెలుస్తుంది?

పుట్టిల్లు త్రిపురాంతకం. నిఖా అయి మా వీధికి వచ్చేటప్పటికి నేను ఇద్దరు పిల్లల తల్లిని, ఆమెకు ఇంకా పరికిణీ మీద మోజు తీరలేదు. భర్త హజరత్ వలికి గుడి వీధిలో గాజుల దుకాణం ఉండేది. మెత్తని మనిషి, ఉబ్బసం మనిషి. కొడుకు ఆరిఫ్ తప్పటడుగులు వేసే రోజుల్లోనే ఆయన కన్నుమూశాడు. దుకాణం మరిది చేతికి పోయింది. బాషాబీ ఏడుస్తూ కూర్చోలేదు. మలారం భుజాన వేసుకుంది. మలారమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తాళ్లకు గుత్తులు గుత్తులుగా గుచ్చిన గాజులు సగం ముందుకు, సగం వెనక్కు వేలాడుతుంటాయి. మనిషి మలుపు తిరగకముందే చప్పుడు వచ్చి చెబుతుంది.

రాచర్ల దాకా, గిద్దలూరు దాకా తిరిగేది. పొద్దున బస్సెక్కితే దీపాలవేళకు దిగేది. దిగి తన ఇంటికి పోయేది కాదు, ముందు మా అరుగు మీదికే వచ్చేది. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని, ఆమె కాళ్లు చాపుకుని ఊళ్ల కబుర్లు చెప్పేది. ఏ ఊళ్లో ఎవరి కోడలు కడుపుతో ఉందో, ఎవరి గొర్రెలకు గాలికుంటు తగిలిందో నాకు గడప దాటకుండానే తెలిసేది.

గాజులు వేసేటప్పుడు బాషాబీ ముఖం చూడదు, చేతినే చూస్తుంది. "ముఖం చూస్తే కష్టం కనపడతదక్కా, అప్పుడు బేరం సాగదు" అనేది. ఇంకో నియమం కూడా ఉండేది. మొగుడు పోయిన ఇంటికి ఎవరు పిలిచినా పోయేది కాదు. "వేసే చెయ్యి నాది. తీసే చెయ్యి ఇంకెవురిదన్నా చూసుకోండి" అని మొహం మీదే చెప్పేది. అంత గాజుల సంసారం మోసింది కదా, తన చేతులు మాత్రం బోడివే. మా ఆయన పోయాక నావీ అంతే. బోడి చేతులవాళ్లం ఇద్దరం ఒక అరుగు మీద కూర్చునేవాళ్లం. అందులో నాకు లోటేమీ కనపడలేదు.

ఇక పెద్దల వాడ సంగతి. గిద్దలూరు రోడ్డులో పలకల ఫ్యాక్టరీ ఒకటి మూతపడింది. ఆ షెడ్డు చుట్టూ ఖాళీ జాగా ఉండేది. రిటైరైన అయ్యవార్లు నలుగురు పొద్దున పూట అక్కడ నడవడం మొదలుపెట్టారు. తర్వాత బీపీ చూసే మిషను ఒకటి వచ్చింది, దాని వెనకే ఆడవాళ్లు వచ్చారు. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం. తిన్నాక ఇంటికి పోబుద్ధికానివాళ్లు మంచాలు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఊరంతా దాన్ని ముసలోళ్ల షెడ్డు అనేది. తల్లిని అక్కడ దింపినవాడు ముఖానికి టవలు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కేవాడు.

అలాంటిది చూస్తూ చూస్తూ ఉండగానే మారిపోయింది. ఫ్యాక్టరీవాళ్లు జాగా రాసిచ్చేశారు. వరసగా గదులు లేచాయి, ఎవరి గదికి వాళ్ల తాళం, ఎవరి పొయ్యి వాళ్లకు. ఒకప్పుడు పలకలు కోసిన ముసలాయనే విరిగిన పలక ముక్కలతో నడక బాట పరిచాడు. అక్కడి పెద్దలే కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఉత్తగా పడుకోవడానికి ఎవరూ రాకూడదు, తనకు చేతనైన పని వారానికి ఒక పూట పదిమందికీ చెయ్యాలి. కుట్టేవాళ్లు కుడతారు, పాడేవాళ్లు పాడతారు, ఏమీ రానివాళ్లు క్యారమ్స్‌లో ఓడిపోతారు. గేటు మీద 'పెద్దల వాడ' అని బోర్డు వచ్చింది. అప్పుడు ముక్కు మూసుకున్నవాళ్లే ఇప్పుడు గది కోసం సిఫారసులు పట్టుకుని తిరుగుతున్నారు.

తిరగనివ్వండి, నాకేం? కానీ ఒకరోజు గోడ అవతల పెట్టె ఈడుస్తున్న చప్పుడైంది. పోయి చూద్దును కదా, బాషాబీ చీరలు సర్దుకుంటోంది. మోకాళ్ల నొప్పులని మలారం అటకెక్కించి చాలా కాలమైంది. అది కూడా కిందికి దిగి మంచం మీద కూర్చుని ఉంది.

"యాడికే?" అన్నాను.

"పెద్దల వాడకక్కా. శ్రావణం దాటేదాకా ఉండి చూస్తా. నచ్చితే ఆడనే. లేకుంటే నీ గోడ పక్కకే."

"ఈడ నీకేం తక్కువైందే?"

"తక్కువేం లేదు. పొద్దుపోవడం లేదు."

"నేను లేనా?"

బాషాబీ చీర మడత మీద చెయ్యి ఆపింది. "నువ్వుండావు. నువ్వు మాట్లాడతావు, నేను వింటా. నాకూ మాట్లాడాలని ఉందక్కా" అంది.

చూశారా మాట! దశాబ్దాల తరబడి నా మజ్జిగ తాగిన నోరు. ఆరిఫ్ బతిమాలాడు. కోడలు షాయిస్తా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల గయ్యాళి అయివుంటే నాకెంత సుఖంగా ఉండేది! కోడలి మీద నెట్టేసి నాలుగు తిట్లు తిట్టి నెమ్మదించేదాన్ని. ఆ పిల్ల నోట్లో నాలుక లేనిది. బాషాబీ ఎవరూ తరమకుండా, ఎవరి మీదా అలగకుండా, నవ్వుతూ ఆటో ఎక్కింది. అందుకే నాకు ఎక్కువ మండింది.

శ్రావణం దాటేలోపు ఆమెను వెనక్కు తేవాలని ఆ రోజే అనుకున్నాను. ఏదో ఒక వంకతో వాడకు పోతూ ఉండేదాన్ని. ఒకసారి నిమ్మకాయ పచ్చడి, ఒకసారి ఆమె మరిచిపోయిన దువ్వెన. పోయినప్పుడల్లా కడుపులో నిప్పులు పోసుకుని వచ్చేదాన్ని. ఒకరోజు ఆమె క్యారమ్స్ ముందు కూర్చుని తెల్లబిళ్ల కొట్టి, పెద్దగా నవ్వుతోంది. మా అరుగు మీద ఆమె అంత నోరు తెరిచి నవ్వగా నేను చూడలేదు. ఇంకోరోజు పలకల బాట మీద బూట్లు తొడుక్కుని నడుస్తోంది. బూట్లు! నన్ను చూసి, "మా పక్కింటి అక్క" అని అందరికీ చెప్పింది. పక్కింటి అక్కనట. అంతే నేను.

అన్నిటికంటే నా కంట్లో పడ్డ నలుసు శ్రీశైలమ్మ. రాచర్ల వైపు మనిషి, గొర్రెలవాళ్లు. భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు అంకన్నకు పెద్ద మంద ఉంది, చెలకలున్నాయి. మనిషి ఇంత పొడుగు, గొంతు మందను అదిలించే గొంతు. బాషాబీ ఒకప్పుడు వాళ్ల ఊరికి గాజులు తీసుకుపోయేదట, అలా పాత పరిచయమట. ఆ మనిషి "వొదినా" అంటే చాలు, మా బాషాబీ "వస్తి" అని లేచి పోతుంది. నేను చెబుతున్న మాట సగంలో ఉన్నా సరే. ఆ మనిషికి జ్వరమొస్తే కషాయం కాచి తాగించేదీ బాషాబీయే.

"పెద్దమ్మా, మీరూ పగలు పూట వచ్చి ఉండండి. మీలాంటి మాటకారి మాకు కావాలి" అంది ఒకరోజు లీదియా. అక్కడి వ్యవహారాలన్నీ చూసుకునే అమ్మాయి, కంభం దగ్గర పల్లె.

"నాకేం ఖర్మ తల్లీ, నాకు ఇల్లుంది" అన్నాను. బాషాబీ రమ్మని ఉంటే ఏమనేదాన్నో తెలియదు. ఆమె రమ్మనలేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ముత్తయిదువలకు బాషాబీ గాజులు వేస్తుందని వాడంతా సంబరం. నేను మా పెరట్లో కనకాంబరాలు మాల కట్టుకుని పోయాను. హాల్లో ముత్తయిదువలు వరసగా కూర్చున్నారు. మాలాంటివాళ్లం గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నాం. మలారం పరిచి నడుమ కూర్చుంది బాషాబీ. పక్కన సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని శ్రీశైలమ్మ. ఆ గిన్నె పట్టుకోవడానికి నేను లేనా? నన్ను అడగనైనా అడగలేదు.

ఒకామెకు వేయడం అయింది. బాషాబీ తల వంచుకునే గిన్నె కోసం చెయ్యి చాపింది. శ్రీశైలమ్మ గిన్నె కింద పెట్టి, ముందుకు జరుపుదామని ఒక చెయ్యి ముందుకు తెచ్చింది. తర్వాతి మనిషి చెయ్యి అనుకుంది బాషాబీ. పట్టుకుంది, నొక్కి చూసింది, మలారంలోంచి ఆకుపచ్చ గాజులు ఊడదీసి ఎక్కించేసింది. ముఖం చూసే అలవాటు లేదు కదా. రెండో చెయ్యి కోసం వెతుక్కునేదాకా గది ఎంత నిశ్శబ్దమైపోయిందో ఆమెకు తెలియనే లేదు.

తల ఎత్తి చూసింది. "యా అల్లా, వొదినా నువ్వా!" అని గాజులు తీయబోయింది.

శ్రీశైలమ్మ చెయ్యి వెనక్కు లాక్కుంది. "వేసిన గాజులు తీసే అలవాటు నీకు ఎప్పటి నుంచి వచ్చింది? రెండో చేతికి గూడా వెయ్. ఒక చేతికే ఉంటే ఎబ్బెట్టుగా ఉంటది" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా పూలమాల నా ఒళ్లోనే ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి గోడ పక్కన కుర్చీల్లో కూర్చునేవాళ్లంతా ఒక్కొక్కరుగా బాషాబీ గదికి పోవడం మొదలుపెట్టారట. ఒకామె నీలం అడిగిందట, ఒకామె చుక్కల గాజులు అడిగిందట. ఆరిఫ్ ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. అన్నీ ముడతల చేతులు, మణికట్ల నిండా రంగులు. నాకు కళ్లు మండాయి. చూడలేక ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

శ్రావణం ఇంకొక వారంలో అయిపోతుందనగా ఆరిఫ్ మళ్లీ వచ్చాడు. "పెద్దమ్మా, వాళ్లమ్మకు గాజులు వేసినారని అంకన్న గొడవ చేస్తున్నాడు. రేపు మనుషులను తీసుకొని వస్తాడంట. గాజులామెనన్నా పంపండి, లేకుంటే మా అమ్మను తీసుకపోతానంటున్నాడు. అమ్మీ ఏమో, నా వల్ల వొదిన వాడ విడిచిపోతే నేనుండను, ఇంటికొచ్చేస్తా అంటాంది."

పైకి "అయ్యో" అన్నాను. లోపల పండగ. నేను చెయ్యాల్సిన పనేమీ లేదు. అంకన్న అరుస్తాడు, బాషాబీ పెట్టె సర్దుకుంటుంది, మళ్లీ గోడ అవతల దగ్గు వినిపిస్తుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మర్నాడు ఆరిఫ్‌తో పాటు నేనూ ఆటో ఎక్కాను. పెట్టె కోసం వెనక జాగా ఉంచమని ఆటో అబ్బాయికి చెప్పాను కూడా.

మేము పోయేసరికి అంకన్న హాల్లో నిలబడి ఉన్నాడు, వెంట బంధువులు ఇద్దరు. శ్రీశైలమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, పక్కనే బాషాబీ. ఆమె ముఖం చూద్దామని దగ్గరకు పోయాను. ముఖం కంటే ముందు చేతులు కనపడ్డాయి. రెండు చేతుల నిండా ఎర్ర గాజులు. బాషాబీ చేతులకు!

"ఎవురు వేసినారే?" అన్నాను.

"వొదిన" అంది, సిగ్గుపడుతూ. "లోకానికంతా వేసినావు, నీకు వేసేవాళ్లు లేరా అని పట్టుకొని కూర్చుంది. చేతగాక రెండు పగలగొట్టింది గూడా."

గోడ పక్కనే ఉన్నదాన్ని నేను. రోజూ ఆ చేతులు చూసినదాన్ని నేను. గొర్రెల మందలోంచి వచ్చిన మనిషి రెండు నెలల్లో ఆ పని చేసేసింది. ఆమె మీద మన్ను పోయాలనిపించింది. అంకన్న ఆమెను ఎప్పుడు లాక్కుపోతాడా అని చూస్తూ నిలబడ్డాను.

"అమ్మా, ఇప్పటికన్నా తియ్" అంటున్నాడు అంకన్న. "మా చిన్నాయన కూతురు పెండ్లిలో నలుగురూ నన్ను పట్టుకున్నారు. ఏం రా, మీ నాయన గాని తిరిగొచ్చినాడా అని నవ్వినారు. నేను తల యాడ పెట్టుకోవాల?"

శ్రీశైలమ్మ గాజులు పైకి జరుపుకుంది. అతను బాషాబీ వైపు తిరిగాడు. "అంతా నీ వల్లనే. కండ్లు కనపడని ముసిల్దానివి, గాజుల బుట్ట పట్టుకొని ఊరూరా తిరిగేదానివి, నీకు మంచీ చెడ్డా ఏం తెలుస్తది? మా పరువు తీసినావు."

బాషాబీ తల దించుకుంది. "పోతాలే నాయనా. తప్పు నాదే" అని లేవబోయింది.

నేను నోరు మూసుకుని ఉంటే ఆమె నా ఆటోలో ఉండేది. కానీ ఆమెను తిట్టాలంటే నేను తిట్టాలి. గోడ పంచుకున్నదాన్ని నేను. రాచర్ల నుంచి వచ్చి వీడు తిట్టడమేంది?

"ఏం అంకన్నా" అన్నాను. "మీ అమ్మ గాజులు వేసుకుంటే మీ నాయన లేచొస్తాడని భయమా? వస్తే రానియ్. నీ మంద కాస్తాడు, జీతగాని ఖర్చు మిగులుతది."

హాలంతా గొల్లుమంది. అతని ముఖం ఎర్రబడింది. నేను ఆగలేదు, నాకు ఆగడం రాదు. "నీ గొర్రె చెవి కోసి గుర్తు పెడతావు, మెడకు గంట కడతావు. అది నీ సొత్తు, నీ ఇష్టం. మీ అమ్మ చెయ్యి గూడా నీ మందలోదేనా? నీకు బువ్వ పెట్టిన చెయ్యి అది, గుర్తు పెట్టుకోవడానికి ఇచ్చింది కాదు. నలుగురు నవ్వినారంటివే, ఆ నలుగురిలో ఒక్కడన్నా మీ అమ్మకు జ్వరమొస్తే కషాయం కాచినాడా? కాచింది ఇదో, ఈ కండ్లు కనపడని ముసిల్ది."

అంకన్న కాసేపు నన్నే చూశాడు. గొర్రెల కాపరి చూపు, తొందరపడదు. "బాగా చెప్పినావు పెద్దమ్మా. మరి నీ చేతులు బోడిగానే ఉండాయే? అంత న్యాయం తెలిసినదానివి, నువ్వెందుకు వేసుకోలేదు?" అన్నాడు.

అందరూ నా చేతుల వైపు చూశారు. కొంగులో చేతులు దాచుకుంటే ఇంకా లోకువ. "నన్ను అడిగినవాళ్లు లేరు" అన్నాను. అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు. బాషాబీ తల ఎత్తింది. ఈసారి నా ముఖమే చూసింది.

ఆ గడబిడలో శ్రీశైలమ్మ లేచి నిలబడింది. "ఒరే అంకా, ఇంటికి రమ్మంటే ఇట్లనే వస్తా, గాజులతోనే. వద్దంటే చూడాలనిపించినప్పుడు నువ్వే ఈడికి రా. బాషాబీ యాడికీ పోదు, నేనూ పోను. ఇప్పుడు భోజనం టైమయింది, తినిపో. గోంగూర నేనే చేసినా" అంది.

అతను ఏదో అనబోయి, బంధువుల వైపు చూసి, చెప్పులు విడిచాడు. తల్లి చేతి గోంగూర ముందు పరువు ఎంతసేపు నిలుస్తుంది? మూడుసార్లు వడ్డించుకున్నాడు. పోయేటప్పుడు నాకూ దండం పెట్టాడు, కోపంగానే.

అలా నా నోటితో నేనే బాషాబీని అక్కడ పాతేశాను. ఆటో వెనక జాగా ఖాళీగానే ఉంది. నేను ఎక్కబోతుంటే బాషాబీ బూట్లతో గబగబా వచ్చింది.

"అక్కా, నువ్వు తిడతావని అడగలేదు."

"ఇన్నేండ్లు తిట్లు తింటూనే నా అరుగు మీద కూర్చున్నావు గదా. ఇప్పుడు కొత్తగా భయమా?"

"అయితే రా. లోపల కూర్చో, ఇప్పుడే వేస్తా. వొదిన సబ్బునీళ్లు తెస్తది."

"ఏందీ?" అన్నాను. "ఆ గొర్రెలామె గిన్నె పట్టుకోవాలా? అందరి తర్వాత, అందరితో పాటు నేను వరసలో చెయ్యి చాపాలా? వేసేటట్లయితే నా ఇంటికొచ్చి వెయ్. నా అరుగు మీద. నాకొక్కదానికే."

బాషాబీ నవ్వింది. క్యారమ్స్ ముందు నవ్వినంత కాదు, అయినా నవ్వింది. "వస్తాలే. నీ పొగరు సన్నగిల్లదు" అంది.

వచ్చింది. ఇప్పుడు వారంలో ఒక పొద్దు వస్తుంది, మలారం ఒళ్లో పెట్టుకుని. మొదటి రోజు మా కోడలు తలుపు చాటు నుంచి చూసి ఏదో సణిగింది. మా అబ్బాయి మహేష్ చూడనట్టు స్కూటర్ తీసుకుని పోయాడు. నేను పసుపు గాజులు ఎంచుకున్నాను, వాడలో ఎవరికీ లేని రంగు. తర్వాతి వారం ఆమె వచ్చేలోపే అవి నేనే తీసేసి, వేరే రంగు వెయ్యమంటాను. ఇంకో వారం ఆ రంగు కూడా నచ్చలేదంటాను.

నిన్న కూడా వచ్చింది. సగం గాజులు ఎక్కాయో లేదో ఆమె ఫోన్ మోగింది. శ్రీశైలమ్మ. ఆ మందను అదిలించే గొంతు ఫోన్‌లోంచి అరుగంతా వినపడింది. "వొదినా, ఇంకెంతసేపు? ఆట కాడ జోడీ లేక కూర్చున్నా."

"వస్తి వస్తి, ఇంకొక చెయ్యే ఉంది" అంది బాషాబీ. నా రెండో చెయ్యి పట్టుకుని నొక్కింది. "కొంచెం వదులు చెయ్ అక్కా, ఎముక మెత్తబడనీ. ఇట్ల బిగబడితే ఎట్ల ఎక్కుతాయి?"

నేను పిడికిలి ఇంకాస్త బిగించాను.